సొరోరిటీ షోలో ఏడుపు కనిపిస్తుంది, హేజింగ్ కనిపించదు

2002 వేసవిలో ఎమ్‌టీవీ ‘సొరోరిటీ లైఫ్’ అనే రియాలిటీ షో మొదలుపెట్టింది. కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్‌లో సిగ్మా ఆల్ఫా ఎప్సిలాన్ పై అనే చిన్న సొరోరిటీలో (కాలేజీ అమ్మాయిల సంఘంలో) చేరబోతున్న అమ్మాయిల వెంట కెమెరాలు తిరిగాయి. అదే ఏడాది సెప్టెంబరులో, అదే రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ డాక్‌వైలర్ బీచ్‌లో రాత్రిపూట ఇద్దరు యువతులు అలల్లో మునిగి చనిపోయారు. సొరోరిటీలో చేర్చుకునే తంతులో భాగంగానే వాళ్లను సముద్రం దగ్గరికి తీసుకెళ్లారని ఒక కుటుంబం కోర్టుకెక్కింది. ఆ రాత్రి అక్కడ కెమెరా లేదు.

హేజింగ్ అంటే సంఘంలో చేరాలనుకునేవాళ్లను చేర్చుకునే ముందు పెట్టే హింస, అవమానం. దాని గురించి మనకు తెలిసిందంతా ఇలాంటి షోల నుంచే వస్తే, తప్పుడు గుర్తులే నేర్చుకుంటాం. అమెరికాలో పిల్లల్ని చదివిస్తున్న తెలుగు తల్లిదండ్రులు ఇప్పుడు వేలల్లో ఉన్నారు కాబట్టి ఈ సంగతి వివరంగా రాయాలనిపించింది.

ముందు సొరోరిటీ అంటే ఒకటే రకం అనుకోవద్దు. గ్రీకు అక్షరాలతో పేరు పెట్టుకున్న ఆడపిల్లల విద్యార్థి సంఘాలన్నిటికీ అదే పేరు, కానీ లోపలి కట్టుబాట్లు వేరు. 1902లో ఏర్పడిన నేషనల్ పాన్‌హెలెనిక్ కాన్ఫరెన్స్ కింద 26 సంఘాలున్నాయి. పెద్ద పెద్ద తెల్లటి స్తంభాల ఇళ్లు, ఒకే రంగు డ్రెస్సుల్లో డ్యాన్సులు, ఇవన్నీ ఎక్కువగా వాళ్లవే. నల్లజాతి విద్యార్థినుల చరిత్రాత్మక సొరోరిటీలు నాలుగు. కమలా హారిస్ హోవార్డ్ యూనివర్సిటీలో చేరిన ఆల్ఫా కప్పా ఆల్ఫా వాటిలో మొదటిది, 1908లో పుట్టింది. దక్షిణాసియా అమ్మాయిల కోసం పుట్టినవి ఉన్నాయి: హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, న్యూయార్క్ సెయింట్ జాన్స్‌లో సిగ్మా సిగ్మా రో. మూడూ 1998లోనే మొదలయ్యాయి. మన తెలుగు అమ్మాయిలు ఎక్కువగా తలుపు తట్టేది వీటినే. చివరిగా, ఏ జాతీయ సంస్థతోనూ సంబంధం లేని స్థానిక సంఘాలు.

ఎమ్‌టీవీకి దొరికినవి ఈ చివరి రకమే. రెండో సీజన్‌కి వాళ్లు వెళ్లిన యూనివర్సిటీ ఎట్ బఫలోలోనూ డెల్టా క్సై ఒమేగా అనే స్థానిక సంఘమే దొరికింది. జాతీయ సంస్థలకు ప్రధాన కార్యాలయం, ఇన్సూరెన్స్ కంపెనీ, లాయర్లు, ఒక్కో క్యాంపస్ శాఖకు (చాప్టర్‌కు) సలహాదారులు ఉంటారు. కొత్తవాళ్లను చేర్చుకునే వారాల్లో టీవీ వాళ్లను లోపలికి రానిస్తే రేపు ఏ చిన్న దృశ్యమైనా దావాలో సాక్ష్యమవుతుందని వాళ్లకు తెలుసు. స్థానిక సంఘానికి ఆ భయం లేదు, ఎందుకంటే పైనుంచి అడిగేవాళ్లే లేరు. ఆ లోటు ఎంత ప్రమాదమో 2005లో కాలిఫోర్నియాలోని చికో స్టేట్ యూనివర్సిటీలో తేలింది. జాతీయ అనుబంధం లేని ఒక ఫ్రాటర్నిటీ (మగపిల్లల సంఘం) చలి నేలమాళిగలో 21 ఏళ్ల కుర్రాడితో కసరత్తులు చేయిస్తూ, గంటల తరబడి నీళ్లు తాగించింది. మద్యం కాదు, మామూలు నీళ్లే. రక్తంలో సోడియం పడిపోయి మెదడు వాచి చనిపోయాడు. కాలిఫోర్నియాలో హేజింగ్‌ని నేరశిక్షాస్మృతిలోకి తెచ్చిన 2006 నాటి ‘మ్యాట్స్ లా’ అతని పేరు మీదే వచ్చింది.

షోలు చేసే పెద్ద పొరపాటు రష్‌నీ హేజింగ్‌నీ కలిపేయడం. రష్ అంటే ఎంపిక. అలబామా యూనివర్సిటీలో ఆగస్టులో, తరగతులు మొదలవకముందే రెండు వేలమందికి పైగా అమ్మాయిలు ఇందులోకి దిగుతారు. 2021లో టిక్‌టాక్‌లో వాళ్లు రోజూ వేసుకునే డ్రెస్సుల వీడియోలు ప్రపంచమంతా తిరిగింది అప్పుడే. మొదటి రోజుల్లో అందరూ అన్ని ఇళ్లతో, అంటే సొరోరిటీలతో, పరిచయమవుతారు. తర్వాత సేవా కార్యక్రమాల గురించి చెప్పే విడత, సంఘ జీవితం గురించి చెప్పే విడత, చివరికి ప్రిఫరెన్స్ రోజు. ఒక్కో విడత దాటేకొద్దీ ఇళ్లు తగ్గుతాయి. అమ్మాయి తన ఇష్టాల వరస ఇస్తుంది, ఇళ్లూ తమ వరస ఇస్తాయి, రెండింటినీ కంప్యూటర్ జత చేస్తుంది. ప్రిఫరెన్స్ ముగిశాక సంతకం చేసే ఒప్పందం చాలామంది చదవకుండానే పెట్టేస్తారు. అందులో రాసిన ఇంటి నుంచి బిడ్ (చేరమనే ఆహ్వానం) వచ్చాక వద్దనుకుంటే, అదే క్యాంపస్‌లో ఆ 26లో మరే సంఘంలోనూ సుమారు ఏడాది వరకు చేరడానికి వీల్లేదు. ఇష్టం లేని పేరు ఆ వరసలో రాయకపోవడమే మంచిది.

ఇందులో కన్నీళ్లుంటాయి, నిజమే. బిడ్ రాని అమ్మాయి ఏడుస్తుంది, కెమెరా దగ్గరికి జరుగుతుంది, సంగీతం పెరుగుతుంది. కానీ అది హేజింగ్ కాదు. ఆ ఎంపికలో ఉన్న అసలు అన్యాయాన్ని చూపించింది కూడా టీవీ కాదు: అలబామా సొరోరిటీలు నల్లజాతి అమ్మాయిల్ని ఎలా పక్కన పెడుతున్నాయో 2013 సెప్టెంబరులో అక్కడి విద్యార్థి పత్రిక ‘క్రిమ్సన్ వైట్’ బయటపెట్టింది, విద్యార్థులు ఊరేగింపు తీశారు, అప్పుడు తలుపులు కదిలాయి. 2023లో వచ్చిన ‘బామా రష్’ డాక్యుమెంటరీకి ఆ ఇళ్ల లోపల చిత్రించే వీలే దొరకలేదు. అమ్మాయిలు రహస్యంగా మైకులు పెట్టుకుని తిరుగుతున్నారన్న పుకారు 2022 రష్ మొత్తాన్నీ వణికించింది. మైకు అంటేనే అంత భయపడే చోట, మైకు ముందు జరిగేది ఎంత వడగట్టి వస్తుందో ఆలోచించండి.

వీహెచ్1 ఛానల్ చేసిన పని ఇంకా అన్యాయం. 2014 డిసెంబరులో వచ్చిన ‘సొరోరిటీ సిస్టర్స్’లో విద్యార్థినులే లేరు. నల్లజాతి సొరోరిటీల సభ్యులైన అట్లాంటా మహిళల తగాదాలే ఆ షో. ఆ సంఘాల్లో సభ్యత్వం కాలేజీతో ముగిసేది కాదు, జీవితాంతం ఉంటుంది. డెల్టా సిగ్మా థీటా పుట్టిన రెండు నెలల్లోపే, 1913 మార్చిలో, దాని వ్యవస్థాపకులు వాషింగ్టన్‌లో మహిళల ఓటు హక్కు ఊరేగింపులో నడిచారు. ఆ చరిత్రను అరుపులకు కుదించేసరికి సభ్యులు బహిష్కరణకు పిలుపునిచ్చారు, ప్రకటనదారులు తప్పుకున్నారు, 2015 జనవరిలో మిగిలిన ఎపిసోడ్లు ఒకే రాత్రి వేసి షో ముగించారు. ఆ షో ముట్టుకోని విషయం ఒకటుంది, నాకు అదే ముఖ్యం. 1990లో ఈ సంఘాలన్నీ కలిసి చేరేవాళ్లను వారాల తరబడి పరీక్షించే ప్లెడ్జింగ్ అనే పద్ధతిని రద్దు చేశాయి. దరఖాస్తు, ఇంటర్వ్యూ, చిన్న శిక్షణ మాత్రమే మిగిలాయి. దాంతో అలా కాగితం మీద చేరినవాళ్లను ‘పేపర్’ అని తక్కువగా చూడడం మొదలైంది. ఆ మాట పడలేక, నియమాల బయట, ఎవరికీ తెలియని అపార్ట్‌మెంట్లలో హేజింగ్‌కి తమంతట తామే ఒప్పుకున్నవాళ్లున్నారు. రద్దు చేసినా ఆగకపోవడానికి ఇదే పెద్ద కారణం.

అసలు హేజింగ్ బిడ్ వచ్చిన తర్వాత, పూర్తి సభ్యత్వం ఇచ్చేలోపు ఉండే వారాల్లో మొదలవుతుంది. మొదటి వారం తప్పు పట్టేదేమీ ఉండదు: సంఘ చరిత్ర, వ్యవస్థాపకుల పేర్లు బట్టీ పట్టాలి. రెండో వారం సీనియర్లకు కాఫీలు తేవాలి, రాత్రి రెండింటికి వాళ్లను పార్టీ నుంచి కారులో దింపాలి. ఆ తర్వాత గ్రూప్ చాట్‌లో మెసేజ్ వస్తే ఐదు నిమిషాల్లో జవాబివ్వాలి, ఆలస్యమైతే బ్యాచ్ మొత్తానికీ శిక్ష. సమావేశాలకు ఫోన్లు బుట్టలో వేసి లోపలికి వెళ్లాలి. ఫలానావాళ్లతో మాట్లాడకూడదు, ఫలానా బట్టలే వేసుకోవాలి. నిద్ర నాలుగు గంటలకు పడిపోతుంది. ఏ ఒక్క మెట్టూ విడిగా చూస్తే పెద్దగా అనిపించదు, కిందటి మెట్టు ఎక్కినవాళ్లకు తర్వాతిది కాదనడం కష్టం. సొరోరిటీల్లో దెబ్బల కంటే ఈ నిద్రలేమి, ఒంటరి చేయడం, అవమానించడమే ఎక్కువ. వారాలపాటు పేరుకునే అలసటని 22 నిమిషాల ఎపిసోడ్ పట్టుకోలేదు. పైగా చాలా రాష్ట్రాల్లో హేజింగ్ నేరం కాబట్టి, నిజంగా జరుగుతున్నదాన్ని చిత్రించి ప్రసారం చేయడానికి ఛానల్ లాయర్లే ఒప్పుకోరు.

అందుకే ఆ ఖాళీని ఎడిటింగ్ నింపుతుంది. షో చూసేటప్పుడు ఒక పని చేయండి: ఘాటైన మాట వినపడిన క్షణంలో మాట్లాడే మనిషి పెదవులు కనిపిస్తున్నాయో లేదో చూడండి. మాట మధ్యలో బొమ్మ వేరే ముఖం మీదికో గది మీదికో వెళ్లిందంటే, రెండు వేర్వేరు ఇంటర్వ్యూల ముక్కలు అతికించి ఉండొచ్చు. ఈ పరిశ్రమలో ఇది రోజూ జరిగే పని.

హేజింగ్‌ని నిజంగా చూపించిన కెమెరా ఒకటుంది. 2017 ఫిబ్రవరిలో పెన్ స్టేట్ యూనివర్సిటీలోని ఒక ఫ్రాటర్నిటీ ఇంట్లో గోడకున్న సెక్యూరిటీ కెమెరా అది. 19 ఏళ్ల తిమోతీ పియాజ్జా 82 నిమిషాల్లో కనీసం 18 డ్రింకులు తాగాడని ప్రాసిక్యూటర్లు ఆ దృశ్యాలు చూసే లెక్కగట్టారు. నేలమాళిగ మెట్ల మీంచి పడ్డాడు. సోఫా మీద పడుకోబెట్టారు. వెల్లకిలా పొర్లకుండా వీపుకి పుస్తకాల సంచి కట్టారు. అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసేసరికి దాదాపు 12 గంటలు గడిచాయి. నేపథ్య సంగీతం లేదు, అరుపులు లేవు, చుట్టూ తిరుగుతూ వెళ్లిపోతున్న మనుషులే ఉన్నారు. హేజింగ్ ఇలాగే ఉంటుంది.

మద్యం లెక్క ఆడపిల్లలకూ మగపిల్లలకూ తెలిసుండాలి. 40 శాతం మద్యం 44 మిల్లీలీటర్లయితే అమెరికా లెక్కలో ఒక డ్రింక్. 750 మిల్లీలీటర్ల సీసాలో అలాంటివి 17, లీటరు సీసాలో 22కి పైనే. కాలేయం గంటకు సుమారు ఒక్కటి మాత్రమే వదిలించగలదు. సీనియర్ ‘బిగ్’గా, కొత్తవాళ్లు ‘లిటిల్’గా జతపడే రాత్రి ఈ సీసా చేతిలో పెడతారు. 2021 మార్చిలో ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్‌లో 20 ఏళ్ల విద్యార్థి అలాంటి రాత్రే ఒక సీసా మద్యం తాగి చనిపోయాడు. స్పృహ తప్పాక కూడా కడుపులో ఉన్నది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది, కాబట్టి ‘పడుకుంటే దిగిపోతుంది’ అన్న మాటే ప్రాణం తీస్తుంది. శ్వాస నిమిషానికి 8 కంటే తగ్గినా, రెండు శ్వాసల మధ్య 10 సెకన్లు దాటినా, పెదవులు నీలంగా మారినా, ఒళ్లు చల్లబడినా, లేపితే లేవకపోయినా 911కి చేయాలి. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టి, అంబులెన్స్ వచ్చేదాకా పక్కనే ఉండాలి. సహాయం పిలిచినవాళ్లను మైనర్ మద్యం కేసు నుంచి కాపాడే చట్టాలు చాలా రాష్ట్రాల్లో ఉన్నాయి. ఆ 26 సొరోరిటీల ఇళ్లలో సాధారణంగా మద్యం నిషేధం కదా అని నిశ్చింతగా ఉండకండి. తాగించేది ఫ్రాటర్నిటీ ఇంట్లోనో బయటి అపార్ట్‌మెంట్‌లోనో.

మనవాళ్లు దీన్ని ర్యాగింగ్ అని అనువదించుకుంటారు, అక్కడే దారి తప్పుతుంది. 1997లో ఆంధ్రప్రదేశ్ చట్టం చేసిన ర్యాగింగ్‌లో జూనియర్ కోరుకున్నది ఏమీ లేదు, కాలేజీకి వచ్చినందుకే పట్టుకుంటారు. హేజింగ్‌లో చివర సభ్యత్వం అనే బహుమతి ఉంది, దానికోసం అమ్మాయే నోరు కట్టుకుంటుంది. 2008లో 53 కాలేజీల్లో 11,482 మందిని అడిగిన మెయిన్ రాష్ట్రంలోని యూనివర్సిటీ పరిశోధనలో, సంఘాల్లోనూ టీముల్లోనూ ఉన్నవాళ్లలో 55 శాతం హేజింగ్ అనుభవించారు. తమకు జరిగింది హేజింగేనని ఒప్పుకున్నవాళ్లలో 95 శాతం అధికారులకు చెప్పలేదు. కాబట్టి ఫోన్లో ‘ఎవరైనా ర్యాగింగ్ చేస్తున్నారామ్మా?’ అంటే ‘లేదమ్మా’ అనే వస్తుంది, ఆ పిల్ల దృష్టిలో అది అబద్ధం కూడా కాదు. రాత్రి ఎన్నింటికి పడుకున్నావు, మీటింగులో ఫోను నీ దగ్గరే ఉంటుందా, వాళ్లు చేయించేది నాకు చెప్పొచ్చా, మధ్యలో మానేస్తానంటే ఏమంటారు అని అడగండి. చెప్పకూడదు అన్న జవాబు ఏ ఒక్కదానికి వచ్చినా ఆగి ఇంకా మాట్లాడండి.

చేరకముందే చూడాల్సిన కాగితం ఇప్పుడు ఒకటుంది. 2024 డిసెంబరు 23న సంతకమైన స్టాప్ క్యాంపస్ హేజింగ్ యాక్ట్ ప్రకారం, హేజింగ్ చేసినట్టు తేలిన సంఘాల పేర్లు, ఏం జరిగింది, విచారణ తేదీలు కాలేజీలు తమ వెబ్‌సైట్‌లో పెట్టాలి, ఏడాదికి రెండుసార్లు కొత్త వివరాలు చేర్చాలి. దీన్ని చదివేటప్పుడు ఒక జాగ్రత్త. కాలేజీ గుర్తింపు ఉన్న సంఘాలే ఇందులోకి వస్తాయి. గుర్తింపు రద్దయ్యాక అదే అక్షరాలతో బయట నడిచే గుంపు పేరు అక్కడ కనిపించకపోవచ్చు. అందుకని రిపోర్టుతో పాటు, ఆ సెమిస్టర్‌లో గుర్తింపు ఉన్న సంఘాల జాబితానీ స్టూడెంట్ అఫైర్స్ పేజీలో సరిచూడండి. పేరు చెప్పకుండా ఫిర్యాదు చేయాలంటే 1-888-668-4293 ఉంది, ప్రాణాపాయమైతే మాత్రం 911 ఒక్కటే. గ్రూప్ చాట్‌లు ముందుగా చెరిపేస్తారు కాబట్టి, తేదీ, సమయం కనిపించేలా తీసిన స్క్రీన్‌షాట్ ఇంట్లోవాళ్లకు ఆ రాత్రే పంపించి పెట్టమని పిల్లకు చెప్పండి.