ఉగ్రస్తంభం ఎక్కాక తెలిసిన ‘భద్రం’

ఉగ్రం వీరం మహావిష్ణుం జ్వలంతం సర్వతోముఖం
నృసింహం భీషణం భద్రం మృత్యుమృత్యుం నమామ్యహం

32 అక్షరాల ఈ మంత్రరాజాన్ని మా నాయనమ్మ నోట విని నేర్చుకున్నాను. రాత్రి ఉరిమిందంటే చాలు, నన్ను దగ్గరకు లాక్కుని చదివేది. నాకూ అదే అలవాటైంది. కానీ ఒక్క చోట మాత్రం మనసు ఆగేది. భీషణం, ఆ వెంటనే భద్రం. వణుకు పుట్టించే ఆ రూపం పక్కన ఇంత చల్లని మాట ఎలా చేరింది?

ఈ మధ్య స్వాతి నక్షత్రం రోజున అహోబిలం వెళ్లాను. నంద్యాల జిల్లాలో, నల్లమల నడుమ, తొమ్మిది రూపాల్లో నరసింహుడు వెలసిన కొండలవి. ఎగువ అహోబిలంలో స్వామి దర్శనం చేసుకుని, చేతికర్రలు పట్టుకుని భవనాశిని వాగు వెంట నడక మొదలుపెట్టాం. దారి చూపడానికి ఆ ఊరి కుర్రాడొకడు వచ్చాడు. జ్వాలా నరసింహుడి దగ్గర కొండచరియ మీంచి సన్నగా జారే నీళ్లు తల మీద పడ్డాయి. హిరణ్యకశిపుణ్ణి ఒడిలో వేసుకుని చీలుస్తున్న మూర్తి అది. పక్కనే రక్తగుండం, స్వామి చేతులు కడుక్కున్న చోటు అంటారు.

ఉగ్రస్తంభానికి అసలు ఎక్కుడు అక్కడి నుంచే. మెట్లుండవు. చెట్ల వేళ్లే మెట్లు, వదులు రాళ్లే దారి. కొండ నిలువునా చీలినట్టుండే ఆ బండే స్వామి వెలువడిన స్తంభమని మనవాళ్ల నమ్మకం.

పైన నిలబడే చోటు చాలా ఇరుకు. పసుపు కుంకుమలు అద్దిన స్వామి పాదాలు, గాలికి టపటపలాడే జెండా, అంతే. చుట్టూ ఎటు చూసినా నల్లమల. ఒక వరుస వెనక ఇంకో వరుస, పచ్చగా మొదలై చివరికి పొగరంగులో కలిసిపోయే కొండలు. తూర్పు చూస్తే పడమర నా వీపు వెనక ఉండిపోతోంది. అటు తిరిగితే ఇది పోతోంది. ‘సర్వతోముఖం’ అన్న మాట అప్పుడు తట్టింది. ఏ దిక్కుకూ వీపు చూపని ముఖం ఆయనది. చేతులు జోడిద్దామంటే రాయి వదలడానికి భయం వేసింది. ఒక చేత్తోనే దండం పెట్టుకున్నాను.

దిగేటప్పుడు కాళ్లు వణికాయి. కింద లోయ చూసి కదల్లేకపోయాను. కుర్రాడు రెండడుగులు ముందు దిగి, వెనక్కి తిరిగి, తన పాదాన్ని రాతికి అడ్డంగా ఆనించాడు.

“భద్రం సామీ! ఈడ పెట్టు కాలు, నా కాలు మీదనే పెట్టు. ఏం గాదు.”

ఊరికి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చి నాయనమ్మ చెప్పే మాట కూడా అదే. “భద్రం నాయనా!” ఇన్నేళ్లూ దాన్ని సంస్కృతం మాటగానే చదివాను.

వాడి పాదం మీద కాలు ఆనించి దిగాను. వాగు చేరేదాకా వాడు ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో. అన్న ప్రతిసారీ నాకు మంత్రం వినిపించింది.