1942 ఇజెవ్‌స్క్ మొసిన్: గ్రీజు కింద ఏముందంటే

మొదటి వారం

కాగితాల పని ముగిసి మొసిన్ నాగాన్ 91/30, అంటే పాత సోవియట్ సైనిక రైఫిల్, చేతికొచ్చింది. ఒళ్లంతా కాస్మొలిన్ అనే తుప్పు పట్టనివ్వని గ్రీజే. గొట్టం మొదట్లో బొటనవేలితో తుడిస్తే త్రికోణం, లోపల బాణం, 1942 అనే అంకె బయటపడ్డాయి. ఇజెవ్‌స్క్ కర్మాగారం ముద్ర అది. 1941 అక్టోబరు చివర్లో జర్మన్ సేనలు ఇంకో తుపాకుల కర్మాగారమున్న తులా ఊరి అంచుదాకా వచ్చాయి. అక్కడి యంత్రాలను తూర్పుకు తరలించారు. భారమంతా ఇజెవ్‌స్క్ మీద పడింది. రిసీవర్ (గొట్టం వెనక బోల్టు కూర్చునే ఉక్కు భాగం) మీద లేత్ యంత్రం గీతలు ఇప్పటికీ గోరుకు తగులుతున్నాయి. నునుపు చెయ్యడానికి అప్పుడు తీరికెక్కడిది? ఆ గరుకుతనమంటే నాకు ప్రాణం.

రెండో వారం

రెండు మరలు విప్పితే కొయ్యభాగం ఊడొచ్చింది. దాన్ని నల్ల ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఎండలో పెట్టాను. గ్రీజు చెమటలా ఊరుతుంటే గుడ్డతో అద్దుతూ వచ్చాను. గరుకు కాగితం మాత్రం ముట్టలేదు, దయచేసి మీరూ ముట్టకండి. కొయ్య మీది ఆ ఎర్రటి షెల్లాక్, అంటే లక్క పూత, యుద్ధం తర్వాత సోవియట్ మరమ్మతు డిపోలు పూసింది. రుద్దితే దానితోపాటు ముద్రలూ పోతాయి.

మ్యాగజైన్ అడుగు పలక మీద పాత నంబరును ఒక్క గీతతో కొట్టేసి, పక్కన ఈ రైఫిల్ నంబరు వేశారు. పుట్టినప్పటి నంబరు కాదని చిన్నచూపు చూసేవాళ్లున్నారు. నాకైతే ఆ కొట్టివేతే దీని జాతకం.

మూడో వారం

కాల్చే ముందు హెడ్‌స్పేస్‌ను (మూసిన బోల్టుకూ తూటాకూ మధ్య ఉండే సందును) తుపాకుల మెకానిక్ చేత గేజీ పెట్టించి చూపించాను. ఫైరింగ్ పిన్ను, అంటే తూటా వెనక తగిలి పేల్చే సూది, ఎంత బయటికి వస్తుందో నేనే చూశాను. రైఫిల్‌తో వచ్చిన పనిముట్టుకు 75, 95 అని రెండు నొక్కులుంటాయి. 95లో పిన్ను తగలకూడదు, 75లో తగలాలి.

ఐదు గుండ్లు కాల్చేసరికి బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) బిగుసుకుపోయింది. పిడిని అరచేత్తో కొట్టి ఎత్తాల్సొచ్చింది. ఛాంబర్‌లో, అంటే తూటా కూర్చునే చోట, గట్టిపడిన పాత గ్రీజే కారణం. పెద్ద కంచు బ్రష్‌ను సాల్వెంట్‌లో ముంచి డ్రిల్‌తో మెల్లగా తిప్పితే నల్లటి మడ్డి వచ్చింది. ఇప్పుడు రెండు వేళ్లతో లేస్తోంది.

పాత తూటాల ప్రైమర్‌లో (మందును అంటించే అడుగు బిళ్లలో) పొటాషియం క్లోరేట్ ఉంటుంది. కాలాక మిగిలే ఉప్పు గాలిలో తేమను లాగి తుప్పు పట్టిస్తుంది. అది నూనెకు కరగదు, నీళ్లకు కరుగుతుంది. అందుకే ముందు వేడినీళ్లు, ఆరాక నూనె.

గుండ్లన్నీ ఒక పక్కకే పడుతున్నాయి. సోవియట్ సైన్యంలో దీనికి బాయ్‌నెట్ (గొట్టం కొసకు బిగించే పొడిచే ఆయుధం) తగిలించే గురి సరిచేసేవారు, అది లేకపోవడమే కారణం కావచ్చు. గురి చూసే ముందు సైటు మీద, దాని దిమ్మ మీద కలిపి వేసిన ఉలిగాటు ఇంకా ఒకే వరసలో ఉంది. నేనూ ఆ సైటును కదపను. వచ్చే వారం బాయ్‌నెట్ బిగించి కాల్చి చూస్తాను.