సంతకం లేని సమ్మతి కోసం: ఎథిక్స్ కమిటీ దగ్గర నా అనుభవం

మనుషుల మీద చేసే పరిశోధన వాళ్లకు హాని లేకుండా సాగుతుందా అని చూసేది ఎథిక్స్ కమిటీ. మొత్తానికి ఆ కమిటీ అనుమతి ఉత్తరం చేతికొచ్చింది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు, అందుకే వేడిమీదే రాసేస్తున్నా.

నా పరిశోధన జైలు నుంచి బయటికొచ్చిన పేదవాళ్ల ఆరోగ్యం మీద, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో. టీబీ మందులు ఆరు నెలలు వాడాలి. మధ్యలో బెయిలొచ్చి మనిషి బయటపడితే ఆ మందులు ఎక్కడ ఆగిపోతున్నాయి? బీపీకి, షుగర్‌కి, నిద్రపట్టని రాత్రులకి ఎవరి దగ్గరికి పోతున్నారు? మర్రిగూడ వైపైతే ఇంకో చిక్కుంది: మోకాళ్ల నొప్పి జైలు గచ్చు మీద పడుకున్నందుకొచ్చిందా, చిన్నప్పటి నుంచి తాగిన ఫ్లోరైడ్ నీళ్లతో వచ్చిందా అన్నది విడదీసి చూడాలి.

సినాప్సిస్, గైడ్ సంతకం, ఫీజు అన్నీ సాఫీగానే అయిపోయాయి. అసలు కథ కమిటీ ముందు మొదలైంది.

అందరూ కూర్చున్నారు, నన్ను నిలబెట్టే అడిగారు. గోప్యత గురించి చెప్పడం మొదలుపెట్టగానే ఒక పెద్దాయన నవ్వి, "దొంగలకు గోప్యత ఏందమ్మా?" అన్నాడు. పక్కనున్నాయన ఇంకా ముందుకెళ్లి, "పోలీస్ స్టేషన్లో రౌడీషీటర్ల జాబితా అడుగు, ఒక్క పూటలో నీ సాంపిల్ దొరుకుతది" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నా ముఖం ఎర్రబడింది, గొంతు వణికింది. కానీ జవాబు చెప్పే కూర్చున్నా. 2022 లెక్కల ప్రకారం దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే సార్, వాళ్ల మీద నేరమే రుజువు కాలేదు అన్నాను. పోలీసు జాబితా పట్టుకుని ఇంటికెళ్తే మనల్ని కూడా పోలీసుల మనిషనే అనుకుంటారు, అప్పుడు చెప్పేది ఆరోగ్యం సంగతి కాదు, భయంతో చెప్పే మాట అన్నాను.

ఆ తర్వాత పట్టుకున్నది సంతకం దగ్గర. పరిశోధనలో పాల్గొనడానికి ఒప్పుకున్నట్టు ప్రతి ఒక్కరి సంతకం, ఆధార్ నకలు జతచేయాల్సిందేనని పట్టుబట్టారు. పరిశోధన ఎలా చేస్తే బాగుంటుందో అడగడానికి దేవరకొండ దగ్గరి తండాలో ఒక పెద్దామెను ముందే కలిశాను. ఆమె కొడుకు జైలుకు పోయొచ్చాడు. "సంతకం అంటే మేం రాం బిడ్డా. ఠాణాల తెల్లకాయితం మీద ఏలిముద్ర ఏపిచ్చుకున్నరు, ఆయెనక దాని మీద ఏం రాసుకున్నరో మాకు ఎర్కలేదు" అంది. చెబుతూ బొటనవేలు కొంగులో దాచుకుంది. ఆ మాట కమిటీకి ఉన్నదున్నట్టు చెప్పాను. అది పరిశోధన కాదు, సెంటిమెంట్ అన్నారు. ఫైలు వెనక్కి పంపారు.

ఆ రాత్రి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాలు మళ్లీ తీశాను. కమిటీ ఒప్పుకుంటే నోటిమాటగా సమ్మతి తీసుకోవచ్చని అందులోనే ఉంది. సామాజిక, ప్రవర్తనా శాస్త్రాల పరిశోధనకు ఒక అధ్యాయమే విడిగా ఉంది. అమెరికా నిబంధనల్లోనైతే ఇంకా సూటిగా ఉంది: మనిషికీ పరిశోధనకూ లంకె చూపే కాగితం సంతకం ఒక్కటే అయి, ప్రధాన ప్రమాదం గుట్టు బయటపడటమే అయితే సంతకం మినహాయించవచ్చు. రెండూ ప్రింటు తీసి, గీతలు గీసి, ఒక్కో సభ్యుడి ముందు ఒక్కో కాపీ పెట్టాను. వాళ్లు చదవరని ఊరుకోకండి, చదివించండి.

గట్టెక్కించింది మాత్రం డాక్టర్లు కాదు. కమిటీలో బయటి సామాన్యుడొకరు ఉండాలన్న నియమం ఉంది కదా, మా దగ్గర ఆ కుర్చీలో రిటైరైన బడిపంతులు గారున్నారు. ఆయన ఒక్కటే అడిగారు: "ఈ కాగితం ఎవర్ని కాపాడుతది, ఆ మనిషినా, మననా?" ఎవరూ జవాబు చెప్పలేదు. ఆయన పాదాలకు మొక్కాలనిపించింది.

ఈ దారిలో వచ్చేవాళ్లకు నా మాట. కేసు ఏమిటని అడగొద్దు, రాయొద్దు. లాయరుకు క్లయింటు చెప్పిన మాటకు చట్టం అండ ఉంది, పరిశోధకుడికి లేదు. కోర్టు అడిగితే నోట్సు ఇవ్వాల్సి వస్తుంది, రాయని నోట్సును ఎవరూ తీసుకోలేరు. ఈ సంగతి మాట్లాడే ముందే వాళ్లకు చెప్పాలి. మన నంబరు వాళ్లకిచ్చి వాళ్లే ఫోన్ చేసేదాకా ఆగాలి. ఇంటి ముందు బండి ఆపితే వాడంతా చూస్తుంది, అందుకే మేం బీపీ గోలీలిచ్చే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పక్క గది అడిగాం. చదువురాని వాళ్లకు సాక్షి కావాలంటారు. సర్పంచ్‌నో ఆశా కార్యకర్తనో కూర్చోబెడితే ఊరికి దండోరా వేసినట్టే. జైలు సంగతి ముందే తెలిసిన మనిషిని, మా బృందానికి సంబంధం లేనివారిని, వాళ్లే తెచ్చుకుంటారని రాయించాను.

ఒక్కటి మాత్రం ఒప్పుకోలేదు. అడ్డా మీద కూలీకి పోయేవాళ్లు మా కోసం పూట పోగొట్టుకుంటే ఆ కూలీ ఇస్తామంటే, "డబ్బిస్తే తాగుతరు" అన్నారు. బస్సు ఖర్చు, పోయిన కూలీ ఇవ్వడం తప్పు కాదని అవే మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఒక్కదాని మీద మళ్లీ దరఖాస్తు పెట్టాను. అది తేలేదాకా ఇంటర్వ్యూలన్నీ సాయంత్రం, పని దిగొచ్చాకే.