బత్తాయి బొమ్మ నా చేతిలో పెట్టేదాకా

మావాడికి మూడేళ్లు నిండాక సికింద్రాబాద్‌లోని ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవారి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సంస్థ) పరీక్షించి ఆటిజం అని తేల్చారు. అప్పటికి వాడికి ఒక్క మాటా రాదు. ఏది కావాలన్నా మా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేవాడు. మాకు అర్థం కాకపోతే తల నేలకేసి కొట్టుకునేవాడు. నల్గొండకు తిరిగి వచ్చాక, ఏ పద్ధతిలో నేర్పించాలని అడిగితే తలా ఒక పేరు చెప్పారు.

ఎక్కువమంది చెప్పింది ఏబీఏ, అంటే ఒక్కో పనినీ చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, సరిగ్గా చేసినప్పుడల్లా మెచ్చుకోలో బహుమతో ఇస్తూ నేర్పే పద్ధతి. దానికి పేరు తెచ్చింది 1987లో అమెరికాలో లోవాస్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన పరిశోధన. వారానికి 40 గంటలు, రెండేళ్లకు పైగా నేర్పిస్తే 19 మంది పిల్లల్లో 9 మంది మామూలు బడిలో ఒకటో తరగతి దాటారు. ఏ తల్లికైనా ఆశ పుట్టించే లెక్క అది. కానీ ఆ రోజుల్లో గట్టిగా గద్దించడం, తొడ మీద చరచడం కూడా ఆ శిక్షణలో ఉండేవని తెలిసి మనసు చివుక్కుమంది. మేము చేర్పించిన సెంటర్‌లో దండన లేదు, 40 గంటలూ లేవు. బల్ల దగ్గర ‘కప్పు ఇవ్వు’ అంటే ఇచ్చేవాడు. ఇంట్లో అదే మాట అంటే కదిలేవాడు కాదు. కుర్చీ దిగితే ఆ చదువూ దిగిపోయేది.

పెక్స్ మా ఇంట్లోనే మొదలుపెట్టాం. కావలసిన వస్తువు బొమ్మ ఉన్న కార్డును ఎదుటివాళ్ల చేతిలో పెట్టి అడగడం నేర్పే పద్ధతి ఇది, 1985లో బాండీ, ఫ్రాస్ట్ అనే ఇద్దరు రూపొందించారు. మొదటి దశకు ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఎదురుగా నేను బత్తాయి తొన పట్టుకుని కూర్చుంటాను, వాడి వెనుక మా అత్తమ్మ. వాడు తొన కోసం చెయ్యి చాపగానే, ఆమె ఆ చేతిని బత్తాయి బొమ్మ మీదికి నడిపి, దాన్ని నా అరచేతిలో పెట్టించాలి. పెట్టిన మరుక్షణం తొన ఇచ్చి ‘బత్తాయి’ అనాలి. ‘ఏమి కావాలి నాన్నా’ అని మాత్రం అడగకూడదు. అడిగితే, ఎవరో అడిగేదాకా ఆగడమే వాడికి అలవాటవుతుంది. మనవడి వెనుక నోరు మెదపకుండా కూర్చోవడం అత్తమ్మకు ప్రాణసంకటమే, అయినా కూర్చుంది.

ఒక సాయంత్రం నేను గిన్నెలు తోముతుంటే వాడే వచ్చి, నోట్లో పెట్టుకుని నానబెట్టిన ఆ బొమ్మను నా తడి చేతిలో పెట్టాడు. తల కొట్టుకోవడం ఆ తరువాతే తగ్గుతూ వచ్చింది.

ఏ పనినైనా కళ్లకు కనిపించేలా అమర్చి నేర్పే పద్ధతి టీచ్, షాప్లర్ అనే మనస్తత్వవేత్త ప్రారంభించింది. దాని నుంచి రోజు పనుల బొమ్మల పట్టిక ఒక్కటే తీసుకున్నాం. తరువాత ఏమిటో కళ్లకు కనిపిస్తుంది కనుక స్నానం వేళ ఏడుపు పోయింది.

బొమ్మలకు అలవాటు పడితే మాటలు రావని బంధువులు భయపెట్టారు. పరిశోధనల్లో అలా తేలలేదు. ఇంకా మాట్లాడని పిల్లలకు ముందు అడగడం నేర్పాలి, పేర్లు చెప్పడం తరువాత అన్నది నా గట్టి అభిప్రాయం. సెంటర్‌లో ఫీజు కట్టేముందు, శిక్షణ జరుగుతుండగా తల్లిని గదిలో కూర్చోనిస్తారో లేదో అడగండి. కూర్చోనివ్వకపోతే వేరే సెంటర్ చూసుకోండి.