గేల్ పేరు మీద 42 చీటీలు

హంగర్ గేమ్స్ పుస్తకాలు చదివినవాళ్ళు ఇద్దరు కలిస్తే ముందుగా వచ్చే ప్రశ్న ఒకటే: నువ్వు పీటా పార్టీయా, గేల్ పార్టీయా? కథానాయిక కాట్నిస్ వీళ్ళిద్దరిలో ఎవరిని చేసుకుంటుందన్న గొడవ మీద నాకు మొదట్నుంచీ పెద్ద ఆసక్తి లేదు. కానీ ఆమెతో కలిసి అడవిలో వేటాడే గేల్ మాత్రం, పుస్తకాలు అయిపోయాక కూడా, నన్ను వదలట్లేదు. (ఆఖరిదాకా కథంతా చెప్పేస్తున్నాను, చదవనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి.)

సుజాన్ కాలిన్స్ మొదటి పుస్తకం 2008లో వచ్చింది. పానెమ్ అనే దేశం, కులాసాగా బతికే కాపిటల్, దాని కింద నలిగే 12 జిల్లాలు. ఏటా జిల్లాకో అబ్బాయి, అమ్మాయి చొప్పున 24 మంది పిల్లల్ని చీటీలు తీసి ఎంచి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమని వదిలి, టీవీలో చూపిస్తారు, ఆ ఆటల పేరే హంగర్ గేమ్స్. ఇదంతా సినిమా చూసినవాళ్ళకీ తెలుసు. ఆ చీటీల రూలు మాత్రం సినిమాలో ఒకటి రెండు మాటల్లో వచ్చి వెళ్ళిపోతుంది, పుస్తకంలో గట్టిగా తగులుతుంది.

పన్నెండేళ్ళు రాగానే నీ పేరుతో ఒక చీటీ పడుతుంది, పదమూడుకి రెండు, అలా పద్దెనిమిదికి ఏడు. వినడానికి అందరికీ సమానమే. అయితే ఇంట్లో తిండికి లేకపోతే ఇంకో చీటీ వేయించుకోవచ్చు, దానికి బదులుగా ఒక మనిషికి ఏడాదికి అరకొరగా సరిపోయే ధాన్యం, నూనె ఇస్తారు. దీన్నే టెసెరా అంటారు. ఇంట్లో ఎంతమంది ఉంటే అన్ని తీసుకోవచ్చు, పాత చీటీలు ఎక్కడికీ పోవు, ఏటికేడు కలుస్తూనే ఉంటాయి. కాట్నిస్ తనకి, అమ్మకి, చెల్లి ప్రిమ్‌కి కలిపి పన్నెండో ఏటే నాలుగు చీటీల్లో ఉంది, పదహారు వచ్చేసరికి 20. గేల్ ఇంట్లో ఐదుగురు, అంటే ఏటా ఆరు, ఏడేళ్ళకి 42. కత్తులూ రక్తం వచ్చే పేజీలకన్నా నాకు ఈ లెక్క చూస్తేనే ఎక్కువ భయం వేసింది, ఎందుకంటే ఇందులో ఎవరూ ఎవరినీ బలవంతం చేయరు, పిల్లలే వెళ్ళి అడిగి మరీ తమ పేరు వేయించుకుంటారు.

చీటీలు తీసే రోజున మేయర్ కూతురు మాడ్జ్ ఖరీదైన తెల్ల గౌను వేసుకుని తలుపు తీసినప్పుడు, నీకు మహా అయితే ఐదుంటాయేమో, నాకు పన్నెండో ఏటే ఆరున్నాయని గేల్ ఎత్తిపొడుస్తాడు. పాపం ఆ పిల్ల తప్పేముంది. ఆ సంగతి గేల్‌కీ తెలుసు, ఆకలితో ఉన్నవాళ్ళకీ రాత్రికి తిండి ఉన్నవాళ్ళకీ మధ్య పగ పెంచడానికే టెసెరా పెట్టారని అడవిలో చెప్పేదీ వాడే. తెలిసి కూడా కోపం ఆపుకోలేడు. తీరా చూస్తే ఆ రోజు పిలిచిన పేరు, ఒకే ఒక్క చీటీ ఉన్న ప్రిమ్‌ది, చెల్లి బదులు కాట్నిస్ వెళ్తుంది.

మూడో పుస్తకం మాకింగ్‌జే (2010) బోరు అనేవాళ్ళు చాలామంది. నిజమే, మధ్యలో సాగుతుంది, కాట్నిస్ సగం సేపు మంచం మీదే ఉంటుంది. కానీ గేల్‌ని పట్టుకుని చదవండి. ఇందులో జిల్లాలు కాపిటల్ మీద తిరగబడ్డాయి, గేల్ ఆ తిరుగుబాటు సైన్యంలో ఉంటాడు. రెండో జిల్లాలో కొండ లోపలి సైనిక స్థావరాన్ని కొండచరియలు కూల్చి మూసేద్దామని సలహా ఇచ్చేది గేల్. బొగ్గుగని పేలుడులో తండ్రిని పోగొట్టుకున్నవాడు! కాట్నిస్ తండ్రి పోయిందీ అందులోనే, ఆమెకి వెంటనే ఆ గనే గుర్తొస్తుంది, గేల్ మాత్రం వెనక్కి తగ్గడు. ఆ తర్వాత తిరుగుబాటుదారులకి ఆయుధాలు తయారుచేసే బీటీతో కలిసి వేసిన బాంబు పథకం ఇంకా ఘోరం: ముందు ఒకటి పేలుతుంది, దెబ్బతిన్నవాళ్ళని ఆదుకోవడానికి జనం పరిగెత్తుకొచ్చాక రెండోది.

చివర్లో కాపిటల్ పిల్లల మీద వెండి పారాచూట్లు దిగుతాయి. ఆటల్లో తిండీ మందులూ వచ్చేవి వాటిలోనే, అందుకే పిల్లలు ఆశగా చేతులు చాస్తారు. కొన్ని పేలతాయి. వైద్యం చేసేవాళ్ళు లోపలికి పరిగెడతారు, వాళ్ళలో ప్రిమ్ ఉంటుంది, అప్పుడు మిగతావి పేలతాయి. అది నీ బాంబేనా అని కాట్నిస్ అడిగితే గేల్ దగ్గర జవాబు లేదు, వాడికే తెలీదు. ఇంత జరిగాక కూడా పీటానా గేలా అని ఓట్లేసుకుంటున్నారంటే ఏమనాలి?

గేల్ చెడ్డవాడని నేను అనలేను. వాడి తమ్ముళ్ళకీ చెల్లికీ అన్నం పెట్టింది ఆ చీటీలే, వాడి కోపానికి ప్రతి సంవత్సరమూ ఆరేసి కారణాలు కలిశాయి. అలాగని ప్రిమ్ విషయంలో క్షమించనూ లేను. కాలిన్స్ కూడా తేల్చలేదు, రెండో జిల్లాలో ఏదో పెద్ద ఉద్యోగం చేస్తున్నాడని ఒక్క ముక్క చెప్పి వదిలేసింది. నాకు మాత్రం అది చాలలేదు. పానెమ్ అధ్యక్షుడు స్నో కుర్రతనం మీద 2020లో ఒక పుస్తకం, కాట్నిస్‌కి ఆట నేర్పిన హేమిచ్ ఆడిన ఆట మీద 2025లో ఇంకొకటి వచ్చాయి, బాగానే ఉంది. ఆ రెండో జిల్లా గేల్ మీద ఒకటి రాస్తే మొదటి రోజే కొంటాను.