తాత వేసిన మార్కులు

బర్రె ఫొటో చూపిస్తే మా నాయిన కళ్లద్దాలు పైకి జరుపుకొని చాలాసేపు చూశాడు. "ఇదేం ఫొటో రా? బర్రెను జూస్తే పొదుగు జూడాలె గని, మొకం జూస్తరా ఎవరన్న?" అన్నాడు.

మా చిన్నోడికి తొమ్మిదేళ్లు. పుట్టింది, పెరుగుతున్నది డల్లాస్‌లో. తాత మాటల్లో సగం వాడికి ఎక్కలేదు గానీ, మార్కులు పోయాయని మాత్రం తెలిసిపోయింది. నా వైపు తిరిగి, "అమ్మా, పొదుగు అంటే పోజా?" అని అడిగాడు.

వాడి బుర్రలో పోజు, సైజు ఎక్కడివంటే పోకెమాన్ స్నాప్ అనే వీడియో గేమ్ నుంచి. పోకెమాన్‌లంటే అందులోని ఉత్తుత్తి జంతువులు, వాటి ఫొటోలు తీస్తే మార్కులు పడతాయి. నింటెండో 64 అనే గేముల పెట్టె మీద 1999లో వచ్చింది. అప్పుడు నేను మక్తల్‌లో పదో తరగతి, అలాంటి పెట్టె ఒకటి ఉంటుందని కూడా తెలియదు. పెళ్లయి అమెరికా వచ్చిన కొత్తలో మా ఆయన (ఆయనది నల్లగొండ, బేరం చేయకుండా ఏదీ కొనడు) ఒక గరాజ్ సేల్‌లో పాత నింటెండోను మూడు క్యాసెట్లతో సహా పట్టుకొచ్చాడు. అందులో ఒకటి ఇది. పెట్టి చూస్తే, ఎవరో పిల్లాడు ఎప్పుడో తీసుకున్న ఫొటోలు ఆల్బమ్‌లో అలాగే ఉన్నాయి. నిద్రపోతున్న స్నోర్లాక్స్ అనే పోకెమాన్ బొజ్జ ఒక్కటే నాలుగుసార్లు. వాటిని చెరపబుద్ధి కాలేదు.

ఈ ఆటలో కొట్లాట లేదు. పోకెమాన్‌లను పట్టుకొని బంతుల్లో పెట్టడమూ లేదు. జీరో-వన్ అనే బండిలో కూర్చుంటాం. అది దాని దారిన అది పోతూనే ఉంటుంది, మన కోసం ఆగదు. చేతిలో కెమెరా, ఒక్కో సవారీకి 60 ఫొటోలు. ముందుకు పోయేకొద్దీ విసరడానికి యాపిల్, కంపు కొట్టే పెస్టర్ బాల్, ఊదడానికి పిల్లనగ్రోవి చేతికొస్తాయి. అప్పటికి ఉన్న 151 పోకెమాన్‌లలో ఇందులో కనబడేవి 63 మాత్రమే, తిరిగే దారులు ఏడు. సవారీ అయ్యాక ఒక్కో పోకెమాన్‌కు ఒక్కటే ఫొటో ఏరుకొని ప్రొఫెసర్ ఓక్ ముందు పెట్టాలి. ఆయన అచ్చం మన లెక్కల సారే. బొమ్మ ఎంత పెద్దగా పడింది, పోజు ఎట్లా ఉంది అని చూస్తాడు. సరిగ్గా నడిమధ్యలో ఉంటే మార్కులు రెట్టింపు చేస్తాడు. అదే జాతిది ఇంకొకటి పక్కన కనబడితే కొసరు వేస్తాడు. మనకు ప్రాణంలా నచ్చిన ఫొటో ఒక పక్కకు ఒరిగిందంటే మాత్రం కనికరం ఉండదు.

గట్టిగా కూర్చుంటే ఒక్క రోజులో అయిపోయే ఆట. మరి ఇన్నేళ్లయినా జనం దాన్ని ఎందుకు వదలరంటే, పోయిన దారినే మళ్లీ పోయినప్పుడు వేరేది కనబడుతుంది. మూడు మ్యాగ్నెమైట్లను యాపిల్ పళ్లతో ఒక్కచోటికి రప్పిస్తే కలిసిపోయి మ్యాగ్నెటాన్ అవుతాయి. చార్మీలియన్ లావా గుంటలో పడితే చారిజార్డ్ అయి పైకి లేస్తుంది. ఎందుకూ పనికిరాని మ్యాజికార్ప్‌ను మ్యాంకీ ఒక్క తన్ను తంతే, అది పోయి పడ్డ చోట దాన్ని జలపాతంలోకి నెడితే గ్యారడాస్ అయి వస్తుంది. ఇవేవీ ఎవరూ విడమరిచి చెప్పరు. మనం చూసినా చూడకున్నా వాటి బతుకేదో అవి బతుకుతున్నట్టే ఉంటుంది.

2021 ఏప్రిల్ 30న కొత్త స్నాప్ వచ్చింది, అందులో 200కు పైగా పోకెమాన్‌లు. మావాడు దాంతోనే మొదలుపెట్టాడు. 2022లో పాతది కూడా స్విచ్ అనే నింటెండో పెట్టెలోకి రాగానే దానికే అతుక్కుపోయాడు. కొత్తదే బాగుంది కదరా అంటే, "పాతదాంట్లో ఎవరు ఎక్కడుంటారో నాకు తెలుసు" అన్నాడు.

పోయిన జూన్‌లో మూడు వారాలకు ఊరికి తీసుకెళ్లాను. మాది మక్తల్ పక్కన పల్లె. నేను చదువుకున్నప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2019 నుంచి నారాయణపేట జిల్లా. పాలమూరోళ్లకు ఊరు విడవడం కొత్త కాదు. మా చిన్నప్పుడు సగం వాడకట్టు బొంబాయి బస్సు ఎక్కేది, నేను విమానం ఎక్కాను, అంతే తేడా. పిల్లలకు ఊరిని ఎట్లా ఇవ్వాలో మాత్రం ఆ బస్సెక్కినోళ్లకూ తెలియలేదు, నాకూ తెలియదు. ఆదివారం తెలుగు బడిలో మావాడు గుణింతాలన్నీ రాస్తాడు. ఊళ్లో మొదటి మూడు రోజులు దోమలు, కరెంటు, నెట్టు. ఈ మూడు మాటల తెలుగే మాట్లాడాడు.

నాలుగో రోజు నా పాత ఫోను అడిగి తీసుకున్నాడు. ఫోనులో ఎన్ని ఫొటోలైనా పడతాయి కదా, అయినా రోజుకు అరవైకి మించనని వాడికి వాడే లెక్క పెట్టుకున్నాడు. తాత వెనకాలే చెల్కకు పోయేవాడు. సాయంత్రం ఏరి ఒక్కోదానికి ఒక్కటే తాతకు చూపించాలి. మా నాయిన ఓక్ కన్నా కఠినం. గొర్రె ఫొటో చూసి, "కాలు కుంటుతున్నది, కనవడలే నీకు?" అన్నాడు. ఆ గొర్రె నిజంగానే కుంటుతోంది. వాన పడ్డ మర్నాడు మావాడు బురదలో బోర్లా పడుకొని ఆరుద్ర పురుగును తీశాడు. ఎర్రటి మఖమల్ చుక్క, ఓక్ దగ్గరైతే సైజు మార్కులు సున్నా. నాయిన మాత్రం ఫోను దగ్గరికి లాక్కొని, "ఇది వచ్చిందంటె ఇత్తనం ఏసుకోవచ్చు. నూటికి నూరు" అన్నాడు.

గొడవ పాలపిట్ట దగ్గర అయింది. అది కరెంటు తీగ మీద కూర్చుంటే మట్టి రంగుది, పట్టించుకోం. రెక్క విప్పితేనే ఆ నీలం. మావాడికి ఆ పోజు కావాలి. ఆటలో అయితే ఏదైనా విసిరి కదిలిస్తారు, ఇక్కడ కూడా చిన్న రాయి తీసి విసిరాడు. తగల్లేదు. మా నాయిన ఊరంతా వినబడేట్టు అరిచాడు. "దసరా నాడు జమ్మి కొట్టినంక దాన్ని జూస్తెనే మాకు పండుగ. దాన్ని గొడ్తవా?" వాడు ఏడుపు మొహం పెట్టి నా చాటుకొచ్చాడు. నేనేం మాట్లాడలేదు. ఆ పాఠం నేను చెప్పాల్సింది, చెప్పలేదు. అది తెలంగాణ రాష్ట్ర పక్షి అని కూడా వాడికి ఎన్నడూ చెప్పలేదు.

కాసేపటికి నాయినే వాడిని పిలిచి తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టుకున్నాడు. "మిడత కనవడితె అదే దిగుతది. ఊకె కూసో." అరగంట కూర్చున్నారు. మా ఇంట్లో వాడు అరగంట ఊరుకున్న సందర్భం నాకు గుర్తులేదు. పిట్ట దిగింది, వీడు నొక్కేలోగా మళ్లీ తీగ మీదికి పోయింది. ఫొటోలో ఉత్త తీగే పడింది. దాన్ని డిలీట్ చేయలేదు వాడు.

పేర్లు అడగడం మొదలైంది. పోకెమాన్‌లు చాలావరకు వాటి పేరే అవి అరుస్తాయి కదా, "తాతా, పాలపిట్ట కూడా పాలపిట్టా అంటదా?" అన్నాడు. "అది అనదు గని, తీతువ పిట్టైతె అంటది" అన్నాడు నాయిన. రాత్రి చెల్క వైపు నుంచి తీతువ అరుపు వినగానే మావాడు మంచం మీద లేచి కూర్చున్నాడు. నిజంగానే తన పేరు తాను చెప్పుకుంటోంది.

కృష్ణజింకల దగ్గర మాత్రం తాతా మనవడికి కుదరలేదు. కృష్ణ, మాగనూరు మండలాల వైపు అవి మందలు మందలు. మావాడికి అంతకన్నా అదృష్టం లేదు, మొలకెత్తిన పత్తిని మేసి పోతాయి కాబట్టి రైతులకు అంతకన్నా దరిద్రం లేదు. చట్టం ప్రకారం వాటిని ముట్టుకోరాదు. నాయిన ఆ ఫొటో వైపు కూడా చూడలేదు. "నీకు ఫొటో, మాకు పత్తి" అన్నాడు. ఆ ఆటలోని ఏడు దారుల్లో ఎక్కడా ఒక్క రైతు చెల్క లేదు. ఆ సంగతి వాడికి ఎట్లా చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి వాడే అడిగాడు, జింకలకు యాపిల్ పళ్లు వేస్తే పత్తి తినడం మానేస్తాయా అని.

తిరుగు ప్రయాణం ముందు పిల్లలమర్రికి పోయాం. మహబూబ్‌నగర్ నుంచి నాలుగు కిలోమీటర్లు, ఏడు వందల ఏళ్ల మర్రి అంటారు. బడి పిక్నిక్‌లో నేను ఆ ఊడలు పట్టుకొని ఊగాను. 2017లో పెద్ద కొమ్మ విరిగి పడింది, మరుసటి ఏడు చెదలు చావడానికి సెలైన్ సీసాల్లో మందు ఎక్కించారు. ఇప్పుడు దూరం నుంచే చూడాలి. "జీరో-వన్ లాగ, దిగొద్దు" అన్నాడు మావాడు. మూడు వారాలకు వచ్చి ఊరిని చూసుకునేదాన్ని, నాకెక్కడో తగిలింది. బండి ఆగదు, ఫొటోలు తీసుకోవాలి, పోవాలి.

మేం వచ్చేనాటికి బాయి మీది కొమ్మకు గిజిగాడు నాలుగు గడ్డిపోచలే చుట్టింది. ఆగస్టులో మా నాయిన పంపిన ఫొటో వచ్చింది, ఆయన జీవితంలో పంపిన మొదటి వాట్సాప్ ఫొటో. సగం ఆయన వేలే. గూడు ఒక మూలకు ఉంది, దాని మీద రెండు పసుపు చుక్కలు. మావాడు వీడియో కాల్‌లో ఓక్ లాగా గొంతు సవరించుకున్నాడు. "సైజు చిన్నది తాతా. నడిమధ్యల లేదు, డబుల్ కట్. కానీ గిజిగాళ్లు రెండున్నయి, బోనస్."

"అరే, ఏలు అడ్డం వస్తె గూడ మార్కులు గోస్తరా?" అన్నాడు మా నాయిన. "ఆగు, పొద్దుగాల మల్ల పోయి తీస్త."