పళ్లొచ్చిన ముద్దు

మా ఏడాదిన్నర పాపకు ముద్దొచ్చినా, కోపమొచ్చినా ఎదుటివాళ్ల మీద మొదట పడేది పళ్లే. "నువ్వూ ఒకసారి కొరుకు, నొప్పి తెలుస్తుంది" అని చుట్టాల సలహా. తెలిసేది నొప్పి కాదు, పెద్దవాళ్లూ కొరకవచ్చన్న సంగతి!

పళ్లు వచ్చే వయసులో చిగుళ్ల సలుపుకు కొరుకుతారు. అప్పుడు ఫ్రిజ్‌లో చల్లబరిచిన శుభ్రమైన తడిగుడ్డ నమలనిస్తే హాయి. ఏడాది దాటాక అసలు చిక్కు మాటలు చాలకపోవడం. బొమ్మ లాక్కుంటే "నాది" అనలేక కొరుకుతుంది. ఆకలి, నిద్ర తోడైతే ఇక చెప్పక్కర్లేదు.

పాప కొరికిన పిల్లవాడిని మేం ముందు ఊరడిస్తాం. చర్మం తెగితే సబ్బునీళ్లతో కడిగి, డాక్టరుకు చూపిస్తాం. తర్వాత పాప కళ్లలోకి చూసి, అరవకుండా, "కొరకకూడదు, నొప్పి" అంటాం. అంతే, ఉపన్యాసం లేదు. మనం నవ్వితే మాత్రం ఆటనుకుంటుంది. ఈ విషయంలో పాపకన్నా వాళ్ల తాతయ్యకు నేర్పడమే కష్టంగా ఉంది.